ఉన్నితో అల్లే జడ

ఢిల్లీ చలి ఎట్లాంటిదో ఒకరు చెబితే తెలిసేది కాదు. కోస్తాలోనో రాయలసీమలోనో పుట్టి పెరిగినవారికి శీతకాలం అంటే తెల్లవారుజామున ముడుచుకుని కప్పుకునే దుప్పటి; ఎండ పొడ తగలగానే మడిచి పక్కన పెట్టేసేది. ఢిల్లీలో అట్లా కుదరదు. 1935 జనవరి 16న సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన మైనస్ 0.6 డిగ్రీలకు పడిపోయింది. 2019 డిసెంబరు 30న పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతే 9.4 డిగ్రీలు. పొగమంచు కమ్మి సూర్యుడు ముఖం చాటేసిన అట్లాంటి రోజుల్లో ఒంటిమీది ఉన్ని విలువ తెలిసివస్తుంది.

ఉన్ని దుస్తుల్లో చూపు మొట్టమొదట ఆగేది ‘కేబుల్’ అల్లిక మీద. స్వెట్టరు ముందుభాగాన తాళ్లు పేనినట్టు, జడలు వేసినట్టు ఉబ్బెత్తుగా పైనుంచి కిందికి దిగే ఆ మెలికలు చూసేవారికి ముచ్చట గొలుపుతాయి. అల్లేవారికి మాత్రం జంకు పుట్టిస్తాయి. సాదా స్వెట్టర్లు ఎన్నో అల్లిన చేతులు సైతం “అది మనవల్ల అయ్యే పని కాదు” అని వెనుదీస్తాయి.

ఆ జంకుకు ఆధారం లేదు. అల్లికలోని రెండు మూలమైన కుట్లు వచ్చినవారెవరైనా ఒక మధ్యాహ్నం ఓపిక పడితే మెలిక వెయ్యగలరు. అసలు చిక్కు వేరొక చోట ఉంది. మెలిక పడేచోట దారం సాగుతుంది, సూది బిగుస్తుంది, బట్ట కుంచించుకుపోతుంది. ఈ మూడింటినీ ముందుగా ఎరిగి సూదినీ దారాన్నీ ఎంచుకున్నవారి శ్రమ ఫలిస్తుంది. ఎరగనివారి శ్రమ పెట్టె అడుగున సగం అల్లిన స్వెట్టరుగా మిగిలిపోతుంది. చాలామంది విషయంలో లోపం చేతిలో లేదు, కొనుగోలులో ఉంది.

గొంగళి నుంచి స్వెట్టరు దాకా

తెలుగుదేశానికి ఉన్ని కొత్త కాదు. దక్కని గొర్రెల ఉన్నిని వడికి, మగ్గంమీద నేసిన గొంగళి మన పల్లెల్లో గొర్రెల కాపరికి ఎండకూ వానకూ చలికీ గొడుగు. “గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు” అనే సామెత ఆ ఉన్ని ఎంత ముతకదో కూడా చెబుతుంది. అయితే గొంగళి నేత, స్వెట్టరు అల్లిక. నేతకు పడుగూ పేకా రెండూ కావాలి. అల్లికలో ఒకే దారం; ఒక ఉచ్చులోనుంచి మరొక ఉచ్చును లాగుతూ సాగిపోవడమే దాని పద్ధతి. రెండు సూదులతో చేసే ఈ పని మన దేశంలో పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా మిషనరీల బడుల ద్వారా, ఆంగ్లేయ కుటుంబాల ద్వారా వ్యాపించింది. చలి ఉన్న ఉత్తరాదిన అది ఇంటింటి విద్యగా స్థిరపడింది.

కేంద్ర ప్రభుత్వోద్యోగాలతో ఢిల్లీ చేరి కరోల్‌బాగ్‌లోనో రామకృష్ణపురంలోనో కాపురం పెట్టిన తెలుగు ఇల్లాళ్లకు ఈ విద్య ఎక్కువగా పొరుగింటి పంజాబీ స్త్రీలనుంచే అబ్బింది. మాటలు కలిసేందుకు హిందీ చాలకపోయినా “ఏక్ సీధా, ఏక్ ఉల్టా” అనే రెండు పదాలు చాలేవి. 1960, 70 దశకాల్లో శీతకాలపు మధ్యాహ్నాలు ప్రభుత్వ కార్యాలయాల ముందరి పచ్చికమీద ఎండకు కూర్చుని, వేరుశనగకాయలు వలుచుకుంటూ, ఒడిలో ఉన్ని ఉండలతో అల్లుతూ ఉండే ఉద్యోగినులు నగర దృశ్యంలో ఒక భాగం. 1962లో చైనాతో యుద్ధం వచ్చి, హిమాలయ సరిహద్దుల్లోని సైనికులకు చలిదుస్తులు చాలనప్పుడు ఢిల్లీలోనూ దేశమంతటానూ స్త్రీలు స్వెట్టర్లూ మేజోళ్లూ అల్లి పంపారు. తీరిక సమయపు వ్యాపకం ఒక్కసారిగా దేశావసరం అయింది.

ఆ తరవాత లూధియానా మిల్లుల రెడీమేడ్ స్వెట్టర్లు ఊరూరికీ చేరాయి. హైదరాబాదు, విజయవాడ వీధుల్లో శీతకాలం రాగానే టిబెట్టువారు దుకాణాలు పెట్టి అమ్మే స్వెట్టర్లలో అత్యధికభాగం లూధియానా సరుకే. చేత్తో అల్లవలసిన అగత్యం తగ్గింది. అగత్యం తగ్గినకొద్దీ నేర్పేవారూ తగ్గారు. చిత్రం ఏమంటే, ఇళ్లలో సూదులు మూలపడుతున్న రోజుల్లోనే రాజధాని పక్కనున్న నోయిడా కేంద్రంగా ‘నిట్‌ప్రో’ అనే సంస్థ అల్లిక సూదులు తయారుచేయించి దేశదేశాలకు ఎగుమతి చేయడం ఆరంభించింది. రంగురంగుల బర్చ్ చెక్క పొరలను అతికించి చేసిన ఆ సూదులను అమెరికాలో ‘నిటర్స్ ప్రైడ్’ అనే పేరుతో కొనుక్కుంటారు. ప్రపంచానికి సూదులు అందించే ప్రాంతంలో వాటిని పట్టడం తెలిసినవారు అమ్మమ్మల తరంతో ఆగిపోతే అది చిన్న నష్టమేమీ కాదు. ఈ విద్య చేతినుంచి చేతికి అందేది. ఒక తరం చెయ్యి చాచకపోతే తెగిపోతుంది.

మెలికలోని మర్మం

అల్లికలో ఉన్నవి రెండే కుట్లు. ఒకటి ‘నిట్’, ఢిల్లీవారి సీధా. రెండోది ‘పర్ల్’, ఉల్టా. నిజం చెప్పాలంటే ఇవి ఒకే కుట్టుకు రెండు ముఖాలు. ముందునుంచి చూస్తే నునుపైన ‘వి’ ఆకారం, వెనకనుంచి చూస్తే చిన్న గడ్డలాంటి బుడిపె. నిట్ కుట్లు పక్కపక్కన చేరి పైకి ఉబుకుతాయి. పర్ల్ కుట్లు లోపలికి అణుగుతాయి. కేబుల్ అల్లికలో మెలిక భాగాన్ని నిట్ కుట్లతోనూ, దాని ఇరుపక్కల నేలను పర్ల్ కుట్లతోనూ అల్లేది ఇందుకే. నేల అణిగితేనే మెలిక లేచి కనిపిస్తుంది.

మామూలుగా ఎడమచేతి సూదిమీద కుట్లు బారులు తీరి ఉంటాయి. వరసలో మొదట నిలుచున్నది మొదట అల్లబడుతుంది. మెలిక అంటే ఆ వరస తప్పించడం, అంతే. మొదటి మూడు కుట్లను ఒక చిన్న సూదిమీదికి దించి పక్కన ఆపి, వాటి వెనకనున్న మూడింటిని ముందుగా అల్లి, తరవాత ఆపిన మూడింటిని అల్లితే అవి ఒకదానిమీదుగా ఒకటి దాటిపోతాయి. కొత్త కుట్టు ఏదీ లేదు. ఆపిన కుట్లను బట్టకు ముందువైపు ఉంచితే మెలిక ఎడమకు వాలుతుంది. వెనకవైపు ఉంచితే కుడికి వాలుతుంది. ప్రపంచంలో ఉన్న కేబుల్ నమూనాలన్నీ ఈ ఒక్క దాటుకు రూపాంతరాలే.

ఎప్పుడూ ఒకేవైపు దాటిస్తే తాడు వస్తుంది. జడ కావాలంటే మూడు పాయలు తీసుకోవాలి. తలలో జడ వేసేటప్పుడు కుడిపాయను మధ్యపాయమీదుగా తెచ్చి, తరవాత ఎడమపాయను మధ్యపాయమీదుగా తెస్తాం. పక్కపాయ ఎప్పుడూ మధ్యపాయను పైనుంచే దాటుతుంది. ఉన్నిలోనూ సరిగా అదే. తొమ్మిది కుట్లను మూడేసి చొప్పున మూడు పాయలనుకుని, ఒక దాటు వరసలో మొదటి మూడింటిని ముందువైపు ఆపి మధ్యపాయమీదుగా దాటించాలి. నాలుగు వరసల తరవాత మధ్యపాయను వెనకవైపు ఆపి చివరి మూడింటిని దానిమీదుగా తేవాలి. కూతురికి జడ వెయ్యడం వచ్చిన తల్లి ఎవరైనా ఈ అల్లికలో సగం విద్యను చేతుల్లోనే ఉంచుకున్నట్టు.

అరాన్ దీవుల కథ

ఈ మెలికలు లోకప్రసిద్ధం కావడానికి కారణం ఐర్లండుకు పడమటనున్న మూడు చిన్న అరాన్ దీవులు. మీగడరంగు ఉన్నితో, మెడనుంచి నడుం దాకా తాళ్లూ జడలూ తేనెపట్టులూ నింపి అల్లే అక్కడి స్వెట్టరు చుట్టూ ఒక విషాదగాథ అల్లుకుంది. ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క నమూనా ఉండేదనీ, సముద్రంలో మునిగిన జాలరి శవాన్ని ఆ నమూనానుబట్టే గుర్తుపట్టేవారనీ చెబుతారు.

కథ హృదయాన్ని తాకుతుంది. చరిత్ర మాత్రం దాన్ని బలపరచదు. జె.ఎమ్. సింజ్ రచించి 1904లో తొలిసారి ప్రదర్శితమైన ‘రైడర్స్ టు ది సీ’ నాటకంలో మునిగిపోయిన అన్న మేజోడును అతని చెల్లెలు తాను జారవిడిచిన కుట్లనుబట్టి పోల్చుకుంటుంది. అక్కడ ఉన్నది మేజోడు. వంశచిహ్నం కాదు, చెల్లెలి చేతి గుర్తు. ఆ ఘట్టమే కాలక్రమాన వంశనమూనాల గాథగా పెరిగింది. అసలు ఈ రకపు స్వెట్టర్లు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో రూపుదిద్దుకున్నాయి. పేద దీవుల స్త్రీలు పదిరూకలు సంపాదించుకునేందుకు అల్లి అమ్మినవి. 1930లలో డబ్లిన్ దుకాణాలకు చేరాయి. 1960లలో క్లాన్సీ సోదరులనే ఐరిష్ గాయకబృందం అమెరికా వేదికలమీద వీటిని తొడుక్కుని పాడటంతో గిరాకీ ఒక్కుమ్మడిగా పెరిగింది.

పురాతన రహస్యం ఏదీ లేదని తేలడం నేర్చుకునేవారికి నిరుత్సాహం కలిగించకూడదు, ధైర్యం కలిగించాలి. ఇది వంశపారంపర్యంగా దాచుకున్న మంత్రం కాదు. ఇల్లు గడవడానికి సామాన్య స్త్రీలు ఒకరినొకరు చూసి నేర్చుకున్న చేతిపని.

మొదటి ముక్క

స్వెట్టరుతో ఆరంభించడం తొందరపాటు. అరచెయ్యంత నమూనాముక్కతో ఆరంభించాలి. మధ్యరకం మందం ఉన్న లేతరంగు దారమూ, 4 మిల్లీమీటర్ల సూదులూ తీసుకుని 22 కుట్లు ఎక్కించాలి. బేసి వరసలు బట్ట మంచివైపు, సరి వరసలు తిరగవైపు వస్తాయి.

ఒకటో వరస: 8 పర్ల్, 6 నిట్, 8 పర్ల్. 
రెండో వరస: 8 నిట్, 6 పర్ల్, 8 నిట్. 
మూడో వరస ఒకటో దానిలాగే. నాలుగోది రెండో దానిలాగే. 
అయిదో వరస: 8 పర్ల్ అల్లి, తరవాతి 3 కుట్లను కేబుల్ సూదిమీదికి దించి బట్ట ముందువైపు వదిలి, ఎడమసూదిమీది తరవాతి 3 కుట్లను నిట్ అల్లాలి, పిమ్మట కేబుల్ సూదిమీది మూడింటిని నిట్ అల్లి, 8 పర్ల్‌తో ముగించాలి. 
ఆరో వరస: రెండో దానిలాగే.

ఈ ఆరు వరసలనే మళ్లీ మళ్లీ అల్లుకుపోతే ఎడమకు పురి తిరిగిన తాడు తయారవుతుంది. దాటించిన వరసలో మొదటి కుట్టు కాస్త బిగువుగా, అక్కడ చిన్న సందు పడినట్టుగా కనిపించడం సహజం. కేబుల్ సూదిని వదులుగా వేలాడనివ్వక బట్టకు దగ్గరగా పట్టుకుని, మొదటి కుట్టువద్ద దారాన్ని ఒకసారి నెమ్మదిగా లాగితే ఆ సందు పూడిపోతుంది.

వరసలు లెక్కతప్పడం కొత్తవారికి తరచూ జరిగే పొరపాటు. దాటు వేసిన ప్రతిసారీ ఆ వరస అంచున వేరే రంగు దారపు ముక్క ఒకటి ముడివేస్తే లెక్క కళ్లముందే ఉంటుంది. రెండో పొరపాటు, వెనక ఆపవలసినచోట ముందు ఆపడం. అది పది వరసల తరవాత కంటపడినా అల్లినదంతా విప్పనక్కరలేదు. ఆ ఆరు కుట్లను మాత్రమే సూదినుంచి జార్చి, తప్పు పడ్డ వరస దాకా దించి, సరిగా దాటించి, నిచ్చెనమెట్లలా మిగిలిన దారాలతో తిరిగి పైకి అల్లుకురావచ్చు. ఈ ఒక్క మరమ్మతు తెలిస్తే భయం సగానికి సగం పోతుంది.

సూది సంగతి

అల్లిక సూదుల కొలతల్లో ఒక ఉచ్చు ఉంది. మన దేశంలో అనుభవజ్ఞులు దుకాణంలో నేటికీ “ఎనిమిది నంబరు, పది నంబరు” అని అడుగుతారు. ఇది పాత ఆంగ్లేయ పద్ధతి. ఇందులో అంకె పెరిగినకొద్దీ సూది సన్నబడుతుంది. ఎనిమిది నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, పది నంబరు అంటే 3.25. అమెరికా పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ అంకె పెరిగితే సూది లావవుతుంది, వారి ఎనిమిది నంబరు 5 మిల్లీమీటర్లు. అమెరికా నమూనా చూసి మన ఎనిమిది నంబరు సూదితో అల్లితే పెద్దవారి స్వెట్టరు పిల్లవాడికి సరిపోతుంది. నంబరును నమ్మక మిల్లీమీటర్లే అడగడం క్షేమం.

సూది దేనితో చేసినదన్నది రెండో సంగతి. ఉక్కు, అల్యూమినియం సూదులమీద కుట్లు జారుతాయి; చెయ్యి తిరిగినవారికి అది వేగం, కొత్తవారికి ప్రమాదం. మెలిక వేసేటప్పుడు కొన్ని కుట్లు క్షణకాలం గాలిలో ఉంటాయి గనుక కొత్తవారికి వెదురు సూదులూ చెక్క సూదులూ మేలు. వాటి గరుకుదనం కుట్లను పట్టి ఉంచుతుంది. నీలగిరి కొండల్లోని కేటీ గ్రామంలో తయారయ్యే ‘పోనీ’ సూదులు కొన్ని తరాలుగా భారతీయ గృహాల్లో వాడుకలో ఉన్నవి. దేశవాళీ సూదులు నాణ్యంలో దేనికీ తీసిపోవు. చూడవలసింది మొన. అది మరీ మొండిగా ఉంటే బిగిసిన కుట్లలోకి దూరదు. మరీ పదునుగా ఉంటే దారపు పోగులను చీల్చుతుంది.

ఇక కేబుల్ సూది. వేలెడు పొడవున రెండు చివరలూ మొనదేలి ఉండే ఈ చిన్న సాధనం తిన్ననిది, మధ్యలో వంపు ఉన్నది, గాలం ఆకారంలో ఉన్నది అని మూడు రకాలు. వంపు ఉన్నదానిలోనుంచి కుట్లు జారిపోవు గనుక మొదట అది మంచిది. అసలు సూదికంటే ఇది కాస్త సన్నగా ఉండాలి. లావుగా ఉంటే ఆపిన కుట్లు సాగి, అల్లినాక వదులుగా వేలాడతాయి. ఇది దొరకనంత మాత్రాన పని ఆగనక్కరలేదు. తలలో పెట్టుకునే నునుపైన జడపిన్ను దీని పని చక్కగా చేస్తుంది. జడపిన్నుతో ఉన్నిజడ వెయ్యడం పేరుకు కూడా న్యాయమే!

దారం సంగతి

మెలికకు కావలసిన మొదటి గుణం సాగుదల. మూడు కుట్లు మరొక మూడింటిని దాటేటప్పుడు ప్రతి కుట్టూ తన పొడవుకు మించి సాగవలసి వస్తుంది. ఉన్నివెంట్రుకలో సహజంగా నొక్కులు ఉంటాయి. లాగితే సాగి, వదిలితే మళ్లీ ముడుచుకుంటుంది. నూలుదారానికి ఈ గుణం లేదు. నూలుతో మెలిక వెయ్యవచ్చు గాని చేతులు నొప్పిపుడతాయి, మెలిక చదునుగా పడుకుంటుంది. పైగా ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకుని కూడా తడిసినట్టు అనిపించదు. ఢిల్లీ పొగమంచులో ఇది చిన్న సుఖం కాదు.

ఉన్నుల్లోనూ తరతమాలున్నాయి. బికనీరు బజారుకు వచ్చే రాజస్థాన్ ఉన్ని తివాచీలకు పెట్టింది పేరు, ఒంటికి గరుకు. మెత్తని స్వెట్టరుకు వాడే మెరీనో ఉన్ని అధికంగా ఆస్ట్రేలియానుంచి దిగుమతి అవుతుంది. లూధియానాలోని ఓస్వాల్, వర్ధమాన్ వంటి మిల్లులు చేతి అల్లికకు అనువైన దారాలు తయారుచేస్తున్నాయి.

అయితే దుకాణంలో “ఊల్” అని ఇచ్చేదంతా ఉన్ని కాదు. మన మార్కెట్లో ‘కాష్మిలాన్’ అనే మాట ఎంతగా పాతుకుపోయిందంటే అది కాశ్మీరు మేక వెంట్రుకే కాబోలునని నమ్మేవారున్నారు. అది జపాన్‌లోని ఆసాహీ కంపెనీ తన అక్రిలిక్ నారకు పెట్టుకున్న వ్యాపారనామం. అక్రిలిక్ రసాయనాలనుంచి తీసిన కృత్రిమపు నార; అందులో ఏ జంతువు వెంట్రుకా లేదు. అక్రిలిక్ చెడ్డదని దీని అర్థం కాదు. చవక, చిమ్మటలు కొట్టవు, ఉన్ని పడక దద్దుర్లు వచ్చేవారికి హాయి, రోజూ ఉతికే పసిపిల్లల దుస్తులకు అనుకూలం. కొనేవారికి తాము కొన్నది ఏదో తెలిసి ఉండాలి, అంతే.

తెలుసుకునే ఉపాయం ఇంట్లోనే ఉంది. రెండంగుళాల దారాన్ని పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్లగిన్నె ఉంచుకుని, మంటకు చూపాలి. ఉన్ని అయితే నెమ్మదిగా కాలి, మంట తీయగానే తనంత తాను ఆరిపోతుంది. వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్లమధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి మండుతుంది. చల్లారాక నల్లని గట్టి పూస మిగులుతుంది. ఈ పరీక్ష కేవలం డబ్బు విషయం కాదు. చలికాలంలో కుంపటిచుట్టూ కూర్చునే ఇళ్లలో నిప్పురవ్వ పడితే ఆరిపోయే బట్టకూ, కరిగి చర్మానికి అంటుకునే బట్టకూ ఉన్న తేడా ప్రాణానికి సంబంధించినది. కుంపటిదగ్గర చేరే పిల్లలకు అక్రిలిక్ తొడగకపోవడమే మంచిది. 1964లో రూపొందిన ‘ఊల్‌మార్క్’ ముద్ర ఉన్న దారం అచ్చమైన కొత్త ఉన్ని అన్న హామీతో వస్తుంది.

తరవాత చూడవలసింది పురి. మూడు నాలుగు పోగులను గట్టిగా పేనిన గుండ్రని దారంతో మెలిక చెక్కినట్టు తేలుతుంది. వదులుపురి దారం సూదిమొనకు చీలుతుంది. నూగు ఎక్కువగా ఉన్న మొహేర్ వంటి దారంలో మెలిక మబ్బుచాటు చంద్రుడిలా మాయమవుతుంది. పోగుల సంఖ్య చూసి మందం నిర్ణయించడం కూడా సరికాదు. సన్నపోగులు నాలుగు కలిసినా లావుపోగులు రెండింటికంటే సన్నగానే ఉండవచ్చు.

రంగు చివరి మాట. మెలిక అందమంతా వెలుగునీడలది. మీగడరంగు, లేతబూడిద, లేతాకుపచ్చ వంటి రంగుల్లో నీడ కనిపిస్తుంది. నలుపులోనూ ముదురునీలంలోనూ నీడ నీడలోనే కలిసిపోతుంది. రంగురంగుల మచ్చల దారంలో మెలికా మచ్చలూ రెండూ చెడతాయి. నల్ల ఉన్నితో అల్లడం కొత్తవారికి మరొక విధంగానూ శిక్ష: సాయంకాలపు దీపం వెలుతురులో కుట్లు కనబడవు.

లెక్క తప్పితే

చాందినీచౌక్ మోతీబజారులో కొన్నా లాజ్‌పత్‌నగర్‌లో కొన్నా మొత్తం దారం ఒకేసారి కొనాలి, పట్టీమీది లాట్ నంబరు అన్నింటిమీదా ఒకటేనా అని చూసుకోవాలి. ఒకే రంగు రెండుసార్లు అద్దితే అచ్చంగా ఒకటి కాదు. తేడా దుకాణపు దీపాలకింద తెలియదు, తొడుక్కుని ఎండలోకి వచ్చాక తెలుస్తుంది. మెలికలు దారాన్ని తింటాయి. సాదా స్వెట్టరుకు 400 గ్రాములు పట్టేచోట మెలికల స్వెట్టరుకు 500 గ్రాములు లెక్క వేసుకోవడం వివేకం.

కుట్ల లెక్కకూ ఇదే సూత్రం. ఛాతీ కొలత 90 సెంటీమీటర్లనుకుందాం. వదులు 10 కలిపితే 100. వెనుకభాగం 50 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చే చేతికి సాదా అల్లికలో 110 కుట్లు సరిపోతాయి. అందులో ఆరుకుట్ల తాళ్లు నాలుగు పెట్టదలిస్తే ఒక్కొక్కటీ బట్టను లోపలికి లాగుతుంది గనుక తాడుకు రెండు చొప్పున మరి 8 కుట్లు కలపాలి. ఇది మోటు లెక్క. కచ్చితమైనది నమూనాముక్కే చెబుతుంది. దాన్ని ఉతికి ఆరబెట్టిన తరవాతనే కొలవాలి. ఉన్ని నీళ్లు తగిలాకగాని తన అసలు కొలతకు రాదు.

ఈ జాగ్రత్త ఎందుకో ఒక చిన్న గుణకారం చెబుతుంది. 60 సెంటీమీటర్ల పొడవుకు 10 సెంటీమీటర్లకు 28 చొప్పున 168 వరసలు. వరసకు 110 కుట్లు. వెనుకభాగం ఒక్కటే 18,480 కుట్లు! ముందుభాగం, రెండు చేతులు ఇంకా ఉన్నాయి. అరచెయ్యంత ముక్కకు ఒక సాయంకాలం వెచ్చించడానికి బద్ధకించి ఇన్ని వేల కుట్లను పణంగా పెట్టడం వ్యాపారదృష్టితో చూసినా నష్టమే.

విప్పి మళ్లీ అల్లగలిగినది

బజారులో స్వెట్టరు చవకగా దొరుకుతుండగా ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. ఉన్నిదారం ఖరీదు, వారాల సమయం లెక్కవేస్తే చేతిస్వెట్టరు ఎన్నడూ చవక కాదు. అయితే దాని ఆయుష్షు వేరు. పిల్లవాడు ఎదిగి స్వెట్టరు చాలకపోతే వెనకటి ఇల్లాళ్లు అతుకులు విప్పి, కొసను పట్టి లాగి దారమంతా చిలపగా చుట్టేవారు. కెటిల్ ఆవిరి పట్టించో, ఉతికి బరువు కట్టి ఆరవేసో నొక్కులు పోగొట్టి, మరికొంత కొత్తదారం కలిపి మళ్లీ అల్లేవారు. అన్న స్వెట్టరు తమ్ముడికి, అది చిరిగితే చెల్లెలికి టోపీ. ఒకే దారం ఒక ఇంటిలో పదేళ్లు బతికేది.

మిల్లులో అల్లినబట్టను కత్తిరించి కుట్టిన స్వెట్టరుకు ఈ భాగ్యం లేదు. కత్తెర పడ్డచోటల్లా దారం తెగిపోతుంది. అట్లాంటి పాతదుస్తులకు గమ్యం రాజధాని ప్రాంతంలోనే ఉన్న పానిపట్టు. దేశవిదేశాల్లో పారేసిన ఉన్నిదుస్తులు గుట్టలుగుట్టలుగా అక్కడికి చేరి, రంగులవారీగా వేరుపడి, యంత్రాల్లో చీలికలై, మళ్లీ దారంగా వడికి కంబళ్లవుతాయి. వ్యర్థాన్ని అర్థంగా మార్చే గొప్ప పరిశ్రమ అది. అయితే ఆ దారపు పోగులు పొట్టివి, తేలికగా తెగుతాయి. మెలికల ఒత్తిడికి తాళవు. చేతి అల్లికకు అట్టి దారం కొనకపోవడమే మంచిది.

పూర్తయిన స్వెట్టరును గోరువెచ్చని నీటిలో, తేలికపాటి సబ్బుతో, రుద్దకుండా నొక్కి ఉతకాలి. పిండకుండా తువ్వాలులో చుట్టి తడి అద్ది, నీడలో చదునుగా పరిచి ఆరబెట్టాలి. దండెంమీద వేలాడదీస్తే తడిబరువుకు సాగిపోతుంది. అక్రిలిక్ స్వెట్టరుమీద వేడి ఇస్త్రీపెట్టె ఆనించడం అంటే మెలికలను శాశ్వతంగా చదును చెయ్యడమే. ఎండాకాలంలో ఉన్నిదుస్తులను ఉతికి, బాగా ఆరబెట్టి, మూతబిగువు పెట్టెలో వేపాకుతో కలిపి దాచడం మన పెద్దలు ఎరిగిన పద్ధతే. మురికి, చెమట ఉన్న ఉన్నినే చిమ్మట ముందుగా కొరుకుతుంది.

అమ్మమ్మో, అత్తగారో, పొరుగింటి పెద్దావిడో ఇంకా సూదులు పట్టగలిగి ఉన్న ఇళ్లు ఢిల్లీలో నేటికీ ఉన్నాయి. ఆమె పక్కన ఒక శీతకాలపు మధ్యాహ్నం కూర్చుని 22 కుట్లు ఎక్కించమని అడగడానికి మించిన పాఠశాల లేదు. పుస్తకం దాటు ఎక్కడ వెయ్యాలో చెబుతుంది. దారాన్ని ఎంత లాగాలో చెప్పలేదు. అది ఆమె వేలు చూసి మాత్రమే తెలుసుకోగలిగినది. మొదటి ముక్క వంకరగా వచ్చినా పారవెయ్యక, తేదీ వేసి, సూది కొలతా దారం పట్టీ దానికి గుచ్చి దాచుకుంటే మున్ముందు ప్రతి స్వెట్టరుకూ అదే కొలబద్ద అవుతుంది.